ముల్లు లేని గాలం

నన్ను బేరంలో ఓడించిన మనిషి ఈ మస్కట్‌లో ఒక్కతే. ఆమె బేరమాడేది కాదు.

నేను పుట్టి పెరిగింది కోరుట్లలో, కిరాణా గల్లా పక్కన. మా బాపు, చిన్నాయనలు, మేనమామలు అందరూ దుకాణదార్లే. నాకు మాటలు సరిగా రాకముందే గిరాకీ చెప్పులు చూసి ధర చెప్పడం వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక హమ్రియాలో మా ఆయనా నేనూ లేసులు, గుండీలు, జరీ, పూసలు, ఈకలు అమ్ముతున్నాం. అబాయాలు కుట్టే దర్జీలు, బడిలో పిల్లల వేషాలకు సామాను కొనే తల్లులు, పెళ్ళిబట్టలకు జరీ అంచులు వెతుక్కునే ఒమానీ ఆడవాళ్ళు మా గిరాకీ. ఒమానీ ముసలమ్మలు బేరంలో నిప్పులు. వాళ్ళతో ఎదురు నిలబడి నెగ్గుకొచ్చినదాన్ని. ఈమె ముందు మాత్రం పది నిమిషాలు ఆగలేకపోయాను.

మొదటిసారి వచ్చినప్పుడు నర్సు బట్టల మీద స్వెట్టర్ వేసుకుని ఉంది. చేతిలో బిస్కెట్ల డబ్బా లాంటి పాత రేకు డబ్బా. తెల్ల ఈకల ప్యాకెట్టు, వెండి జరీ, గులాబీ రంగు పట్టుదారం తీసి కౌంటర్ మీద పెట్టింది. డ్యూటీ దిగి వస్తున్న మనిషి, అలసిపోయి ఉంది, ఎదురు మాట్లాడదు అని లెక్కేసి, ధర కొంచెం లావుగానే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సామాను తీసుకోలేదు, వదల్లేదు. నోట్లో లవంగం ఒకటి మెల్లగా చప్పరిస్తూ ఈకను చూస్తోంది. నేను కొంత తగ్గించాను. ఆమె ఈకను దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఇంకొంత తగ్గించాను. ఈకను వేలితో వెనక్కి దువ్వింది. "బోణీ బేరమక్కా, ఇగ ఇంతకన్న తగ్గదు" అన్నాను. అప్పటికి సాయంత్రం నమాజు కూడా అయిపోయింది. ఆమె నవ్వింది. ఆ నవ్వుకు భయపడి మళ్ళీ తగ్గించాను.

ఆమె వెళ్ళాక మా ఆయన బీరువా వెనక నుంచి బయటికొచ్చాడు. "ఆమె ఒక్క మాట మాట్లాడలే. నువ్వొక్కదానివే కొట్లాడి, నువ్వే ఓడిపోయినవ్" అన్నాడు.

చాలా రోజుల తర్వాత, చనువు పెరిగాక, ఆ రోజు సంగతి అడిగాను. ఆమెది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు. "నేనేం బేరం చేసినా మా? ఆ ఈక నీళ్ళల్లో తడిస్తే ఎట్టుంటాదో అని చూస్తాంటి. నువ్వేమో తగ్గిస్తానే ఉండావ్. మద్దెలో మాట్లాడితే బాగుండదని ఊరుకుంటి" అంది.

అలా నిలబడడమే ఆమె. ఆమె ఇంటి సంగతులు నాకు తెలిసినవి తక్కువ. ఆమె నిలబడే తీరు మాత్రం కళ్ళు మూసుకుని గీసి చూపించగలను: కాళ్ళు కొంచెం ఎడంగా, బరువంతా మడమల మీద, ఎవరి కోసమో కాకుండా, దేనికీ తొందర లేకుండా. రూవీలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు నర్సు. పూటల తరబడి యంత్రాల పక్కన నిలబడి అలవాటైందేమో అనుకునేదాన్ని. సముద్రం దగ్గర చూశాక అర్థమైంది, అది అలవాటు కాదు, విద్య అని.

నేను ఆమెను ఆపా అని, వాళ్ళలో అక్కను పిలిచినట్టు, పిలిచేదాన్ని. పోయిన వారం కడప నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆపాకూ నాకూ స్నేహం కుదిరింది ఈకల వల్ల కాదు, గజం వల్ల.

మా కౌంటర్‌కు మున్సిపాలిటీ వాళ్ళ ముద్ర ఉన్న ఇనుప కొలబద్ద బిగించి ఉంటుంది. అయినా లేసును నేను చేత్తోనే కొలుస్తాను. ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని, కుడిచెయ్యి పూర్తిగా చాచి వేలికొస దాకా లాగితే గజం. ఇక్కడి ఆడవాళ్ళు వార్ అంటారు. బాపు నేర్పిన కొలత అది. ఎవరైనా అనుమానపడితే ఇనుప బద్ద మీద పరిచి చూపించి, వాళ్ళ మొహం చూసి ఆనందించేదాన్ని. వెంట్రుకంత తేడా వచ్చేది కాదు.

అప్పుడు నాకు కుడి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయింది, తర్వాతి మందులూ అయ్యాయి. ప్రాణం దక్కింది గానీ, చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. కసరత్తు చేయకపోతే అలాగే బిగుసుకుపోతుందని డాక్టర్ చెప్పాడు. ఫిజియోథెరపీకి వెళ్ళి, పది సార్లకు ఒకేసారి కడితే రెండుసార్లు ఊరికే చేస్తారా అని అడిగాను. ఆ పిల్ల నవ్వాపుకుని కుదరదంది. ధర కుదరలేదని ఇంట్లో చెప్పి మానేశాను. అసలు సంగతి నొప్పి. ఆ నొప్పిని ఏ ధరకూ కొనలేకపోయాను. ఎవరో సంచీ లాక్కుపోతారన్నట్టు ఆ చేతిని ఒంటికి అదిమి పట్టుకునే తిరిగేదాన్ని.

పై అరల్లో డబ్బాలు అందేవి కావు. ప్రతిదానికీ మా ఆయన్ని పిలవాలి. కొన్నాళ్ళు చూసి, మంచిమాటగానే అన్నాడు: "కొన్ని రోజులు ఊరికి పోయి మా అమ్మ కాడ ఉండరాదు? గల్లా మీదికి ఎవరినన్న చూస్త."

ఆయన మనసులో ఏమీ లేదు. కానీ నేను దుకాణాల మధ్య పెరిగినదాన్ని. 'కొన్ని రోజులు' అని గల్లా దగ్గర నుంచి లేచిన ఆడది మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. మా పెద్దమ్మ అలాగే లేచింది, తర్వాత బతుకంతా వంటింట్లో పప్పులు ఏరింది. గల్లా దగ్గరి నా కుర్చీ పోతే నేనేమిటో నాకు తెలియదు. రాత్రి పడుకుని ఆ చేతిని తిట్టేదాన్ని, మొండి బాకీదారును తిట్టినట్టు.

అలాంటి రోజుల్లో ఆపా వచ్చి వెండి లేసు అడిగింది. ముక్కు దగ్గర పెట్టి, చాచి, కత్తిరించి ఇచ్చాను. ఆమె దాన్ని తన ముక్కు దగ్గర పెట్టుకుని చెయ్యి చాచింది. "తక్కువుండాది మా" అంది.

నాకు తల తిరిగింది. "ఏందాపా? మా బాపు కాలం నుంచి మా కొలతల మాట రాలే. నువ్వే పొడుగున్నవ్" అన్నాను.

ఆమె వాదించలేదు. ఎప్పటిలాగే నిలబడింది. ఆ నిలబడడం భరించలేక నేనే లేసు గుంజుకుని ఇనుప బద్ద మీద పరిచాను. నాలుగు వేళ్ళంత తక్కువ వచ్చింది. చెయ్యి మోచేతి దగ్గర వంగిపోతోందని, నేను పూర్తిగా చాచాననుకున్నది చాచడమే కాదని, నాకు తెలియనే తెలియదు. ఎంతమందికి అలా తక్కువ కొలిచి ఇచ్చానో. మా ఆయన బద్ద వైపు చూసి తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆపా నా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, అటూ ఇటూ కదిపి చూసింది. "ఏ పక్క?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. "నాది ఎడం పక్క" అంది. అంతే. కూరగాయల బజారులో ఎదురుపడ్డ ఇద్దరు ఏం కొన్నారో చెప్పుకున్నట్టు. తర్వాత, "శుక్రారం తెల్లార్తో నాతో రా. సముద్రం కాడికి" అంది.

"ఎందుకు?"

"చేపలు పట్టేదానికి."

"ఆపా, మేము చేపలు తినెటోళ్ళం కాదు. పక్కింట్ల వండితే మా అమ్మ కిటికీ మూసేది."

"తినమని ఎవురన్న్యారు? నేను పట్టి ఇడిసేస్తా."

"పట్టి ఇడిసిపెడ్తవా? మరి పట్టుడెందుకు?" పైకం కట్టి, సరుకు కట్టించుకుని, తిరిగి అరలో పెట్టి వెళ్ళిపోయే గిరాకీని నేనెక్కడా చూడలేదు.

"వచ్చి చూడు మా."

బేరం పెట్టకుండా ఒప్పుకోవడం మా వంశంలో లేదు. "గాలానికి ముల్లు లేకుంటే వస్త" అన్నాను.

"సరే, ముల్లు లేకుండానే" అంది ఆపా.

అడిగిన వెంటనే ఒప్పుకుందంటే తక్కువ అడిగానన్నమాట. ఆ రాత్రంతా అదే బాధ, ఇంకేం అడిగి ఉండాల్సిందా అని.

శుక్రవారం పొద్దున దుకాణాలు మూసి ఉంటాయి. చలికాలం, ఇంకా ఎండ పుట్టలేదు. సీబ్ దాటాక జాలర్ల పడవలు ఒడ్డుకు లాగి పెట్టిన చోట ఆమె పాత తెల్ల కారు ఆపింది. తలకు చుట్టుకున్న స్కార్ఫ్ మీద క్రికెట్ టోపీ పెట్టింది. దుపట్టా నడుముకు బిగించింది. సల్వారు మోకాళ్ళ దాకా మడిచి, నోట్లో లవంగం వేసుకుని నీళ్ళలోకి నడిచింది. చేతిలో సన్నటి పొడుగాటి రాడ్, దానికి నారింజ రంగు లావు దారం. చివర మా దుకాణంలో కొన్న ఈక, జరీ చుట్టిన చిన్న బొమ్మ. దాన్ని ఆమె ఈగ అనేది. నా కంటికి అది రొయ్యపిల్లలా ఉండేది. దానికి బరువే లేదు. బరువంతా ఆ దారంలో ఉంటుందట, దారాన్నే విసరాలట.

విసిరింది.

ఇప్పటికీ ఆ క్షణం గురించి ఎవరికైనా చెప్పబోతే నా గొంతు తగ్గిపోతుంది. దారం ముందు వెనక్కి వెళ్ళింది. వెనక ఎవరో నిలబడి అందుకుంటున్నట్టు, చివరి దాకా విచ్చుకుంది. ఒక్క క్షణం గాలిలో అలాగే నిలబడింది. తర్వాత ఆమె తల మీదుగా ముందుకొచ్చి, మడతలు విప్పుకుంటూ, విప్పుకుంటూ పోయింది. మా చిన్నాయన బట్టల దుకాణంలో పెళ్ళివారి ముందు పట్టు తాను విసిరి పరిచేవాడు. గుడ్డ ఒక్కసారి గాలి పోసుకుని నేల మీద వాలేది. చూడ్డానికే కొందరొచ్చేవారు. ఆపా దారం నీళ్ళ మీద వాలినప్పుడు ఆ చప్పుడు కూడా లేదు. ఆ దారాన్ని అంత దూరం పంపింది ఎడమచెయ్యి. ఒకప్పుడు దువ్వెన పట్టుకోలేని చెయ్యి అని తర్వాత చెప్పింది. ఆమెతో పనిచేసిన దక్షిణాఫ్రికా నర్సు ఒకామె, ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు, కారు తలుపు తీసి ఎక్కమందట. "అడగలా మా ఆ యమ్మ. ఎక్కు అనింది. ఎక్కితి. పొయ్యేటప్పుడు ఈ రాడ్ నాకు ఇచ్చిపెట్టి పొయ్యింది." తన కథంతా అంతే చెప్పింది. నేను అంతకన్నా అడగలేదు.

నా వంతు వచ్చింది. ముల్లు లేదు, చివర తెల్ల పట్టుదారం కుచ్చు మాత్రమే. మొదటి రోజు ఆ లావు దారం నా మెడకు చుట్టుకుంది, ఆపా టోపీని ఎగరగొట్టింది. రెండోవారం నా చెవికమ్మను పట్టుకుంది. చెయ్యి నడుము కన్నా కొంచెం పైకి లేచేసరికి కళ్ళలో నీళ్ళొచ్చేవి. ఆపా నొప్పిగా ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఆగు మా" అనేది. "ఎనక్కి పొయ్యేదాన్ని పోనీ. సగంలో గుంజగాకు. పూర్తిగా పొయినాక పిలువు."

పిలువు అనగానే నాకు మా బాపు దుకాణం మెట్లు గుర్తొచ్చాయి.

గిరాకీ ధర నచ్చక దిగి వెళ్ళిపోతాడు. వెంటనే పిలిస్తే మన ధర పడిపోతుంది. రోడ్డు దాటాక పిలిస్తే వినపడదు. మెట్లన్నీ దిగి, ఎటు తిరగాలా అని ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, అప్పుడు పిలవాలి. గొంతు పెంచకుండా. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడం మీదే మా ఇల్లంతా బతికింది. "ఆపా! ఇది పోయే గిరాకీని ఎనుకకు పిలుసుడే గద!" అని అరిచాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పేసరికి, పొట్ట పట్టుకుని నవ్వింది. లవంగం నీళ్ళలో పడిపోయింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం నా వెనక నిలబడి పాఠం చెప్పేది: "గిరాకీ దిగతాండాడు... దిగతాండాడు... ఆగు, ఇంగా ఉండాది మెట్టు... ఆ, ఇప్పుడు పిలువు!" అక్కడ వల దులుపుకునే జాలర్లు మమ్మల్ని చూసి ఏమనుకునేవారో దేవుడికే తెలియాలి. దారం మాత్రం మెల్లమెల్లగా నా మాట వినసాగింది. వారం వారం చెయ్యి రవ్వంత పైకి. అది నేను గమనించేదాన్ని కాదు. నా కళ్ళన్నీ వెనక మెట్ల మీదే.

ఆపాకు పడ్డ చేపలు చాలా చూశాను. చేప దగ్గరికొచ్చాక ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని నీళ్ళలోంచి తీయకుండానే ముల్లు తప్పించేది. పొట్ట కింద చెయ్యి పెట్టి, దానికి ఊపిరి కుదిరే దాకా పట్టుకునేది. కుదిరాక వేళ్ళు విప్పి, "పోయిరా నాయనా" అనేది. ఒక్కసారి కూడా పో అనలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వీధి దాకా సాగనంపినట్టే, ప్రతి చేపకూ పోయిరా.

నా చేప వచ్చిన రోజు గాలి లేదు. కుచ్చును దూరంగా పంపి, దారాన్ని చేత్తో చిన్నచిన్నగా లాక్కుంటున్నాను. నీళ్ళ కింద పచ్చగా ఏదో గీత గీసినట్టు కదిలింది. అంతలో దారం బిగిసింది. ముల్లు లేదు కదా, దేనికి బిగిసిందో నాకు తెలియలేదు. "పట్టిండాది! పైకెత్తు మా! పైకి, పైకి!" అని ఆపా అరిచింది. అన్ని రోజుల్లో ఆమె అరవడం అదే మొదటిసారి. ఎత్తాను. మూరెడు పైగా పొడుగు, సూదిలాంటి మూతి ఉన్న చేప ఒకటి నీళ్ళలోంచి నిలువుగా లేచి, తోక మీద నడిచింది. నిజంగా నడిచింది, అద్దం మీద నడిచినట్టు. ఎండ దాని ఒంటి మీద పడి వెండి, పచ్చ, మళ్ళీ వెండి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. భయం, అసహ్యం ఏవీ రాలేదు. ఇంత అందమైనది ఈ ఊరి నీళ్ళలో ఉందని, ఇన్నేళ్ళుగా లేసులమ్ముతూ నాకు తెలియదే అనిపించింది.

దగ్గరికొచ్చాక చూస్తే, దాని మూతి నిండా సన్నటి పళ్ళు. ఆ పళ్ళకు మా పట్టుదారం పోగులు చిక్కుకుపోయాయి. ఆపా ముందుకు రాలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "చిక్కు తీసేది నీ పని గదా మా" అంది.

చేప వాసనకు కిటికీ మూసిన ఇంట్లో పుట్టినదాన్ని, మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎడంచేత్తో దాని ఒళ్ళు పట్టుకున్నాను. చల్లగా, బిగువుగా ఉంది, లోపల ఏదో కొట్టుకుంటోంది. కుడిచేతి వేళ్ళతో ఒక్కొక్క పోగూ తీశాను. పట్టు చిక్కు తీయడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన పని. ఒక్క పోగు తెగలేదు. చివరి పోగు వచ్చాక వేళ్ళు విప్పాను. అది వెంటనే పోలేదు. నా అరచేతిలో ఒక్క క్షణం ఆగింది, మెట్లు దిగి నిలబడ్డ గిరాకీలా.

"పోయిరా" అన్నాను.

లేచాక ఆపా నన్నే చూస్తోంది. "ఎందాక ఎత్తినావో ఎరికనా?" అంది. నాకు తెలియదు. ఆమె తన ఎడమచేతిని నిటారుగా ఆకాశంలోకి లేపి చూపించింది. తర్వాత నీళ్ళలో తేలుతున్న ఆ నారింజ దారం కొస తీసి నా చేతికిచ్చింది. "కొలువు."

ముక్కు దగ్గర పెట్టుకుని చెయ్యి చాచాను. మోచెయ్యి వంగలేదు. అప్పుడు ఏడ్చాను, సిగ్గు లేకుండా, పడవల మనుషులు చూస్తుండగానే. ఆపా ఓదార్చలేదు. లవంగం ఒకటి తీసి నా నోట్లో పెట్టింది.

ఆ సాయంత్రం దుకాణంలో పై అరలోంచి నేనే డబ్బా దించాను. మా ఆయన చూశాడు. ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు ఆమెకు జబ్బు తిరగబెట్టింది. ఉద్యోగం చాలించి కడపకు పోతానంది. పోయేముందు ఇబ్రా మీదుగా దక్షిణం తీరానికి నన్ను తీసుకుపోయింది. అక్కడ నీళ్ళు మోకాలు దాటవు, కంటికి అందినంత దూరం అద్దం పరిచినట్టు. పళ్ళెం లాంటి చేప ఒకటి అక్కడ తిరుగుతుంది, నల్లటి తోక, మహా తెలివైనది. ఎన్నో ఏళ్ళుగా ఆమెకు అదే కావాలి, ఒక్కసారీ పడలేదు. ఎండలో ఆమె పూటంతా నిలబడింది. నిలబడ్డానికి ఒంట్లో శక్తి ఎక్కడుందో నాకు తెలియదు. మధ్యాహ్నానికి ఒకటి వచ్చింది. ఆపా దారం వెళ్ళి, చప్పుడు లేకుండా దాని ముందు వాలింది. చేప దగ్గరికొచ్చింది. మా ఈక, మా జరీ, మా దారం చుట్టిన ఆ బొమ్మను అటునుంచి ఇటునుంచి చూసింది. నేను అన్ని దేవుళ్ళకూ తలా ఒక మొక్కు మొక్కాను, బేరం లేకుండా. చేప తోక తిప్పి వెళ్ళిపోయింది.

ఆపా నవ్వింది. "సరుకు నచ్చలేదంట మా" అంది. నవ్వులో లోటు లేదు. చేప పోయిన వైపు చెయ్యెత్తి, "పోయిరా" అంది. పట్టని చేపకు కూడా.

ఎయిర్‌పోర్టులో "పోయిరా ఆపా" అన్నాను. "ఏం మా, నేనేమన్నా చేపనా?" అంది. రాడ్ నా దగ్గర వదిలి, తిరిగి చూడకుండా లోపలికి నడిచింది.

పోయిన వారం ఫోన్ వచ్చినప్పుడు పొద్దున్నే, బోణీ గిరాకీ. ఒమానీ ముసలామె ఒకామె, పేరుమోసిన బేరగత్తె, మనవరాలి పెళ్ళికి జరీ లేసు అడిగింది. నేను ధర చెప్పాను, ఆమె సగానికి కోసింది. లేసు ముక్కు దగ్గర పెట్టుకుని చెయ్యి చాచాను. ఫోన్ మా ఆయన ఎత్తాడు. విని, నా వైపు తిరిగి, "మీ ఆపా చెల్లెలు. ఆపా తెల్లారంగ పోయిందట" అన్నాడు.

నా చెయ్యి అలాగే చాచి ఉంది. దించాలని తోచలేదు. ముసలామెకు మా తెలుగు అర్థం కాలేదు. నేను ఆమె చెప్పిన ధరకు ఒప్పుకోలేదనుకుంది. కొంచెం పెంచింది. నేను లేసు వైపే చూస్తున్నాను. ఆమె ఇంకొంత పెంచింది. విసుక్కుంటూ, హిందీలో నన్ను రాతిగుండె అని తిడుతూ, మళ్ళీ పెంచి నేను మొదట చెప్పిన ధర దాకా వచ్చింది. మా ఆయన ఫోన్ పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

కత్తెర గజం దగ్గర పెట్టలేదు. ఇంకో జానెడు వదిలి కత్తిరించాను. ముసలామె అనుమానంగా తన ముక్కు దగ్గర పెట్టి చాచి చూసింది, వేలికొస దాటి లేసు వేలాడింది. "జ్యాదా హై" అంది. తలూపాను. ఆమె సగానికి కోసిన ధరకే ఇచ్చి, మిగతా చిల్లర తిరిగి చేతిలో పెట్టాను. ఇందులో మోసమెక్కడుందా అని నా మొహంలోకి చూసి చూసి, లేసు సంచిలో వేసుకుంది.

"పోయిరా" అన్నాను.

ఆమె మెట్లు దిగింది. కింద నిలబడి, ఎటు తిరగాలా అని ఒక్క క్షణం ఆగింది. నేను పిలవలేదు.